ఫుల్ బాడీడ్ సిగార్ కాల్చి టెర్రస్ మీద పడిపోయిన… అందరికీ ఇట్లనే అయితదా?

మియాపూర్_మెట్రో:

అన్నలూ, ముందే చెప్తున్న, నేను రెగ్యులర్‌గ తాగేటోన్ని కాదు, కాలేజ్ టైంల ఫ్రెండ్స్‌తోని ఒకటి రెండు సిగరెట్లు, అంతే. మా టీం లీడ్ అమెరికాల ఉంటడు, వాళ్ళకు బిడ్డ పుట్టిందని మార్చిల వచ్చినప్పుడు స్వీట్ బాక్స్‌తో పాటు తలా రెండు సిగార్లు చేతిల పెట్టిండు, అక్కడ పిల్లలు పుడితే గట్ల పంచుతరంట. బ్రాండ్ పేరెందుకు గానీ నల్లగ, లావుగ, నూనె రాసినట్టు మెరుస్తుండె. "జాగ్రత్త, ఇది ఫుల్ బాడీడ్" అన్నడు. ఫుల్ అంటే మంచిదే కదా అనుకొని తెచ్చి బీరువాల షర్టుల మధ్యల పెట్టి మర్చిపోయిన.

పోయిన శనివారం మా ఆవిడ వాళ్ళ అమ్మగారింటికి పోయింది. పొద్దున తిన్న ఇడ్లీ తప్ప కడుపుల ఏం లేదు, ఏడు గంటలకు ఫోన్ల పాటలు పెట్టుకొని టెర్రస్ ఎక్కిన. కటర్ లేదు, కూరగాయల కత్తితో ఒక చివర కోసిన, కొంచెం ఎక్కువే తెగినట్టుంది, పైన ఆకు ఉల్లిపొర లెక్క ఊడుడు షురూ అయింది. అగ్గిపుల్లలు ఒక ఆరేడు అయిపోయినయి. ఇగ అంటుకున్నాక సిగరెట్ లెక్కనే లోపలికి గుంజిన, రెండు సార్లు. దగ్గు ఎట్లొచ్చిందంటే పక్క బిల్డింగ్ ఆంటీ బట్టలు తీస్కుంటూ ఆగి చూసింది. అప్పటి నుంచి లోపలికి గుంజలే గానీ ఆరిపోతదేమోనని దమ్ము మీద దమ్ము లాగుతనే ఉన్న.

ముందు నాలుక మీద మిరియాలు నమిలినట్టు, తర్వాత మట్టి మట్టి, చేదు. ఒక పది నిమిషాలయినంక మాత్రం ఏదో మారింది అన్నా. ఫిల్టర్ కాఫీ డికాక్షన్ వాసన, ఎండిన నేల మీద తొలి వాన పడ్డప్పుడు వచ్చే వాసన, నోట్ల తియ్యగ కూడ అనిపించింది. ఒక్క ఐదు నిమిషాలు. అబ్బ, ఇందుకా అందరు కాల్చేది అనుకున్న.

గంతే, ఆ తర్వాత కథ మారింది. చింతపండు తలుచుకున్నట్టు నోట్ల నీళ్ళు ఊరుడు మొదలైంది. మే నెలల, ఆ ఉక్కపోతల, చేతులకు చల్లటి చెమటలు. వాటర్ ట్యాంక్ పట్టుకొని కూసున్న, ట్యాంక్ తిరుగుతుంది. మెట్లు నిలబడి దిగే ధైర్యం లేక చిన్నపిల్లల్లెక్క ఒక్కో మెట్టు మీద కూసుంటా దిగిన. వాంతి అయినంక గానీ ప్రాణం కుదుటపడలే. పొద్దున లేచినా మీసాలకు అదే వాసన.

ఇంకొకటి మిగిలింది, బీరువాలనే ఉంది. ఆ ఐదు నిమిషాలు గుర్తొస్తే మళ్ళ ట్రై చేయాలనిపిస్తుంది, ట్యాంక్ గుర్తొస్తే పారేయాలనిపిస్తుంది. నేను చేసిన తప్పేంది? ఫుల్ బాడీడ్ అంటే అందరికీ గిట్లనే అయితదా? నవ్వకుండ చెప్పండి.

గుంటూరు_టు_డాలస్:

తమ్ముడూ, నవ్వొద్దన్నావు గానీ కూరగాయల కత్తి దగ్గర ఆగలేకపోయా, సారీ. నాకూ అచ్చం ఇలాగే అయింది, ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఆఫీస్ వాళ్ళతో సిగార్ లౌంజ్‌కి వెళ్ళి అందరి ముందు గొప్పకి పోయి అక్కడ ఉన్నవాట్లో నల్లటిది ఏరుకుని, చివరికి పార్కింగ్‌లో కార్ బానెట్ మీద పడుకున్నా. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకో.

ముందు ఆ మాట సంగతి. బాడీ వేరు, స్ట్రెంత్ వేరు. బాడీ అంటే పొగ నోట్లో ఎంత చిక్కగా, బరువుగా తగులుతుందనేది, ప్యాకెట్ పాలకీ గేదె పాలకీ ఉన్న తేడా అనుకో. స్ట్రెంత్ అంటే నికోటిన్. అది నాలుక మీద తెలీదు, ఇరవై నిమిషాలు ఆగి పొట్టలో తెలుస్తుంది. చిక్కగా ఉండి తల తిప్పనివీ ఉన్నాయి, నీళ్ళలా ఉండి గుద్దేవీ ఉన్నాయి, కానీ ఎక్కువసార్లు రెండూ కలిసే వస్తాయి, ఎందుకంటే రెండింటికీ మూలం ఒకే ఆకు. మొక్కలో అడుగు ఆకులు పల్చగా ఉండి బాగా మండుతాయి, మధ్య ఆకుల్లో వాసన ఎక్కువ, పైన ఎండంతా తినే ఆకులు మందంగా, జిడ్డుగా, ఘాటుగా తయారవుతాయి. ఆ పై ఆకుని స్పానిష్‌లో లిహేరో అంటారు. ఆ మాటకి అసలు అర్థం "తేలిక" అట, పేరు పెట్టినోడెవడో గానీ వాడికో దణ్ణం. లిహేరో నెమ్మదిగా మండుతుంది కాబట్టి చుట్టేటప్పుడు సరిగ్గా మధ్యలో పెట్టి చుట్టూ మిగతా ఆకులు వేస్తారు, పక్కకి జరిగితే ఒకవైపే కాలుతుంది. నీదాంట్లో అది గట్టిగా దట్టించి ఉంటారు. ఇంకోటి, నల్లగా ఉంటే స్ట్రాంగ్ అని కూడా కాదు, పైన చుట్టిన ఆకుని ఎక్కువ రోజులు మాగబెడితే నల్లబడుతుంది, అంతే. నేను ఆ లౌంజ్‌లో బోల్తా పడింది రంగు చూసే.

రెండోది అసలైనది. సిగరెట్ ఆకు, మన ప్రకాశం వైపు పండే వర్జీనియా లాంటిది, బ్యారన్‌లో వేడి పెట్టి ఆరబెడతారు, ఆకులో చక్కెర అలాగే ఉండిపోతుంది, దాని పొగ కాస్త ఆమ్లంగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి లాగితేగానీ నికోటిన్ సరిగ్గా ఎక్కదు. సిగార్ ఆకు అలా కాదు. పాకలో వేలాడదీసి వారాల తరబడి గాలికే ఆరబెట్టి, తర్వాత పెద్ద కుప్పలేసి నెలల తరబడి మాగబెడతారు, కుప్ప లోపల దానంతట అదే వేడెక్కుతుంది, అమ్మోనియా వాసన వస్తూ ఉంటుంది. చక్కెర పోతుంది, పొగ క్షారంగా మారుతుంది. అలాంటి పొగ నోట్లో ఉంటే చాలు, బుగ్గల్లోంచే నికోటిన్ ఎక్కేస్తుంది. అందుకే లోపలికి పీల్చరు. పెద్ద సైజు సిగార్ ఒక్కదాంట్లో ఒక పెట్టె సిగరెట్లంత పొగాకు కూడా ఉండొచ్చు, దాన్ని నువ్వు ఖాళీ కడుపుతో, ఊపిరితిత్తుల్లోకి రెండుసార్లు, ఆ పైన దమ్ము మీద దమ్ము. ట్యాంక్ ఒక్కటే తిరిగిందంటే అదృష్టవంతుడివి.

దమ్ముకీ దమ్ముకీ మధ్య ఒక నిమిషం దాకా ఆగాలి. ఎందుకంటే నికోటిన్ ఒక్కటే కాదు, ఊరికే లాగుతుంటే నిప్పు వేడెక్కిపోయి ఆకులో నూనెలు మాడతాయి, నువ్వు చెప్పిన చేదు అదే. ఆరిపోతే ఆరిపోనీ, బూడిద దులిపి మళ్ళీ ముట్టించుకోవచ్చు, అదేం పరువు తక్కువ కాదు. ముట్టించేటప్పుడు కూడా మంట ఆకుకి తగలకుండా కింద పట్టుకుని తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచాలి, అప్పడం కాల్చినట్టు. కోసేది కూడా నోట్లో పెట్టుకునే చివర అంటించిన ఆ చిన్న టోపీ వరకే, ఒకట్రెండు మిల్లీమీటర్లు. టోపీ దాటి కోస్తే ఊడిపోతుంది, నీకు అయింది అదే.

సరిగ్గా కుదిరితే ఎలా ఉంటుందో చెప్తా. నేను కాల్చేది రెండు మూడు నెలలకి ఒకటి, శనివారం రాత్రి మటన్ తిన్నాక, ప్యాటియోలో. రోబుస్తో సైజు, ఐదంగుళాల పొడుగు, 50 రింగు, రింగు అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క, అంటే మన బొటనవేలంత లావు. గంట పడుతుంది. మొదటి పావుగంట మిరియాలే, ఎవరికైనా. అక్కడ కంగారు పడకూడదు. కాస్త పొగని నోట్లోంచి వదిలేసి మిగిలిన కొంచెం ముక్కులోంచి నెమ్మదిగా వదిలితే, ఊపిరితిత్తులకి పోనివ్వకుండా, అప్పుడు తెలుస్తాయి అసలు వాసనలు. మొదటిసారి కళ్ళలో నీళ్ళొస్తాయి, ఆవ పెట్టిన కూర తిన్నట్టు. మధ్యకి వచ్చేసరికి ఆ మిరియం వెనక్కి తగ్గి కాఫీ, కోకో, తోలు చెప్పుల షాపులోకి వెళ్తే వచ్చే వాసన, వేయించిన వేరుశనగ తొక్క, ఇలా ఒకదాని వెనక ఒకటి. నువ్వు చెప్పిన ఐదు నిమిషాలు అక్కడివే. నీకు ఐదొచ్చింది, నిదానంగా పోతే ఇరవై, పాతిక వస్తుంది. చివరి భాగంలో మళ్ళీ ఘాటు పెరుగుతుంది, చేదు తగలగానే ఆపేయడమే. డబ్బులు పెట్టాం కదా అని వేళ్ళు కాలేదాకా లాగితే మళ్ళీ ట్యాంక్ దగ్గరికే వెళ్తావు. నలిపి ఆర్పకు, గది కంపు కొడుతుంది, ఊరికే పక్కన పెడితే అదే ఆరుతుంది.

నాకిష్టమైనవి నికరాగువా దేశానివి. 1959 విప్లవం తర్వాత క్యూబా వదిలేసి వచ్చిన పొగాకోళ్ళు కొందరు అక్కడ ఎస్తెలీ వైపు చేరారు, అగ్నిపర్వతాల నల్ల నేల. పాద్రోన్ అనే సిగార్ కంపెనీ వాళ్ళు 1964లో మయామీలో మొదలుపెట్టి 1970లో అక్కడికే పోయారు. ఒమెతెపే అని ఒక దీవి ఉంది, పెద్ద సరస్సు మధ్యలో రెండు అగ్నిపర్వతాలు, ఆ దీవి ఆకు కలిపితే ఒక రకం మట్టి తీపి వస్తుంది. క్యూబావి ఇక్కడ షాపుల్లో దొరకవు, 1962 నుంచి బ్యానే. లండన్‌లో ఒకసారి పార్తగాస్ సీరీ డి నంబర్ 4 కాల్చా, బాగుంది, కానీ జనం చెప్పుకునేంత లేదు అనిపించింది, తిట్టుకోండి పర్లేదు.

సూటిగా_సుత్తిలేకుండా:

ఒక్క చుట్టకి ఇంత సైన్సా. నలుగురు బిర్యానీ తినే డబ్బు పొగ చేసి, చెప్పుల షాపు వాసన వచ్చిందని ఆనందపడ్డం ఏంటి బాసూ. చెప్పుల షాపుకే వెళ్ళొచ్చుగా, ఫ్రీ.

గుంటూరు_టు_డాలస్:

@సూటిగా నీ పేరుకి తగ్గట్టే ఉన్నావు. నువ్వు చెప్పిందాంట్లో తప్పేం లేదు, మా ఆవిడ మాట కూడా అదే.

లంకగాలి:

ఆయ్, మంచి థ్రెడ్ పెట్టారండి. ఎవరో ఒకరు ఆ దున్నపోతు పద్యం తెచ్చి పెట్టేలోపు నా మాట చెప్పేస్తాను.

డాలస్ బాబుగారు దీవి ఆకు అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయానండి నేను. మాదీ దీవి ఆకేనండి. గోదావరి లంకల్లో మా తాతకి రెండెకరాలు ఉండేది, వరద తీసి ఒండ్రు ఆరాక పొగాకు వేసేవాళ్ళు. లంక పొగాకు అంటే అప్పట్లో ఇంగ్లీషోళ్ళకి కూడా తెలుసు, ఆ ఆకుతో చేసిన చుట్టని వాళ్ళు "లుంకా" అనేవాళ్ళు, మన లంకే. పొగాకు పరిశోధన కేంద్రం 1947లో తెచ్చి రాజమండ్రిలో పెట్టారంటే ఊరికే కాదు కదండి.

మీరు చెప్పిన ఆ లిహేరో సంగతి మా తాతకి పేరు తెలీదు గానీ పని తెలుసండి. మొగ్గ వేయగానే తల తుంచేసేవాడు, పక్కన పిలకలు వస్తే రోజూ గిల్లేసేవాడు, సారమంతా ఉన్న ఆకులకే పట్టాలని. పైన నాలుగైదు ఆకులు అట్టలాగా తయారయ్యేవి, చేత్తో పట్టుకుంటే వేళ్ళకి జిగురు, ఆ వేళ్ళు నాకితే చచ్చామే. అవి అమ్మేవాడు కాదు, తనకే.

చుట్ట చుట్టడం దగ్గరుండి చూశానండి కాబట్టి చెప్తాను. ముందు రోజు సాయంత్రం ఆకు తడిగుడ్డలో చుట్టి పెట్టేవాడు, పొద్దుటికి మెత్తబడేది. బొటనవేలి గోరుతో మధ్య ఈనె పట్టి సర్రున లాగితే ఆకు రెండు చీలికలయ్యేది, ఈనె పక్కన పడేసేవాడు, అది ఉంటే మండదు, మండినా కంపు. చిన్నముక్కలు, చిరుగు ఆకులు లోపలికి, చిల్లు లేని మంచి ఆకు పైకి. అరచేతిలో పెట్టి నొక్కి చూసేవాడు, ఎక్కువ బిగిస్తే పొగ రాదు, వదులైతే భగ్గుమంటుంది. చివర దారం కట్టి పొయ్యి మీద గూట్లో పెట్టేవాడు. ముట్టించడం అగ్గిపుల్లతో కాదండి, పొయ్యిలో నిప్పు పట్టకారుతో తీసి, దానికి ఆనించకుండా పక్కనే పట్టుకునేవాడు. బాబుగారు రాసింది చదువుతుంటే మా తాత డాలస్ వెళ్ళాడా అనుకున్నా. సగం కాల్చాక ఆరితే చెవి మీద పెట్టుకుని చేలోకి పోయేవాడు, మళ్ళీ మధ్యాహ్నం అదే.

పరగడుపున ముట్టేవాడు కాదు, చద్దన్నం తిన్నాకే. అయ్యాక బెల్లం ముక్క. దమ్ముకీ దమ్ముకీ మధ్య ఒక కబురు చెప్పాల్సిందే, కబురు లేకపోతే చుట్ట ఎందుకనేవాడు. మీరు చెప్పిన నిమిషం లెక్క అదేనేమోనండి.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆయన నిద్రపోతుంటే చెవి మీది ముక్క కొట్టేసి రేవులో పడవ చాటున కాల్చాను. మియాపూర్ తమ్ముడికి ట్యాంక్ తిరిగింది, నాకు గోదారి తిరిగిందండి. పడవలో వెల్లకిలా పడుంటే మా మామ్మ వచ్చి ఉప్పేసిన మజ్జిగ పట్టించి, తర్వాత వీపు విమానం మోత.

మొన్నామధ్య మా అల్లుడు దుబాయ్ నుంచి ఒక నికరాగువా సిగార్ తెచ్చాడండి. నిజం చెప్పాలంటే మనదానికీ దానికీ పోలిక లేదు. మనది గొంతులో గుచ్చుతుంది, అక్కడితో సరి. అది గుచ్చదు, నోరంతా పరుచుకుంటుంది, పావుగంటకో రకంగా ఉంటుంది. వాళ్ళు ఆకుని ఏళ్ళు దాచి మూడు నాలుగు రకాలు కలుపుతారంట, మనోళ్ళు ఘాటుంటే అదే రుచి అనుకున్నారు, ఎంత దగ్గొస్తే అంత మంచి చుట్ట అని. అంత మంచి నేల ఉండీ ఆ పని మనం ఎందుకు చేయలేదో అని ఒక బాధ మాత్రం ఉండిపోయిందండి. మా తాత పంతొమ్మిది వందల డెబ్బై రెండులో పోయాడు, నోట్లో పుండు మానలేదు. అదీ చెప్పాలి కదా, సగం చెప్తే ఎలా.

పళ్ళడాక్టరమ్మ_వైజాగ్:

లంకగాలి గారు ఆఖర్న ఒక ముక్క రాశారు కాబట్టి నేనూ రాస్తున్నాను, లెక్చర్ ఇవ్వను, భయపడకండి.

మియాపూర్ బాబూ, నీకు వచ్చింది నికోటిన్ ఎక్కువవడం, ఇంకేం కాదు. నోట్లో నీళ్ళూరడం, చల్లటి చెమట, తల తిరగడం, వాంతి, అన్నీ దాని వరసే. ఒంట్లో నికోటిన్ సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు పడుతుంది, ఆలోపు చేయగలిగింది ఆపేసి, గాలి తగిలేచోట పడుకుని, నీళ్ళు తాగడమే. ఒక్కడివే ఉన్నప్పుడు టెర్రస్ మీద అస్సలు వద్దు, పిట్టగోడ ఎంత ఎత్తుందో నాకు తెలీదు గానీ. ఫిట్స్ లాగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే హాస్పిటల్‌కే.

లోపలికి పీల్చట్లేదు కదా, ఏం కాదు అని అనుకునేవాళ్ళు నా కుర్చీలో చాలామంది కూర్చున్నారు. పీల్చకపోతే ఊపిరితిత్తులకి తగిలేది తగ్గొచ్చు, నోరు, గొంతు, అన్నవాహిక మాత్రం అలాగే తింటాయి దెబ్బ. రోజూ చుట్ట, పైపు కాల్చేవాళ్ళ అంగిలి చూస్తే దూరం నుంచే తెలిసిపోతుంది, తెల్లగా దళసరిగా అయిపోయి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలు లాలాజల గ్రంథుల నోళ్ళు, వేడికి వాచినవి.

మా వైపు ఇంకో అలవాటు ఉంది, బయటివాళ్ళకి చెప్తే నమ్మరు. అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. శ్రీకాకుళం, విశాఖ సముద్రం పక్క ఊళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మా అమ్మమ్మా కాల్చేది. చేపల గంప నెత్తిన, రెండు చేతులూ గంపకే, నోట్లో నిప్పు, అలాగే బేరం కూడా ఆడేది, ఒక్క నిప్పురవ్వ బయట పడేది కాదు. చిన్నప్పుడు నాకది గారడీలా ఉండేది. గాలికి ఆరకూడదని అంటారు, చుట్ట ఎక్కువసేపు వస్తుందని అంటారు, కొత్తకోడలు అత్తకి కనపడకుండా అలా మొదలుపెట్టిందని కూడా మా ఊళ్ళో చెప్పేవాళ్ళు. అంగిలి మీద క్యాన్సర్ మామూలుగా అరుదు, అడ్డపొగ ఉన్న ఊళ్ళలో అదే ఎక్కువ, అందుకే పరిశోధనలు చేసేవాళ్ళు ఇక్కడికే వచ్చేవాళ్ళు. ఇప్పుడు చిన్నవయసు వాళ్ళలో బాగా తగ్గింది, డెబ్బై దాటిన మామ్మలు ఇంకా వస్తుంటారు.

మూడు నెలలకి ఒకటి, రోజుకి నాలుగు ఒకటి కావు, నేనూ అలా అనను. కానీ నోట్లో తెల్లటి మచ్చగానీ పుండుగానీ రెండు వారాలు దాటి ఉంటే ఎవరికైనా చూపించండి. అంతే, నా మాట అయిపోయింది, మీ చెప్పుల షాపు కబుర్లు చెప్పుకోండి.

మియాపూర్_మెట్రో:

అందరికీ థాంక్స్, గింత రాస్తరనుకోలే. డాక్టర్ మేడం, పిట్టగోడ నడుము దాకనే ఉంది, మీరన్నంక పోయి చూసొచ్చిన, నిజంగనే భయమైంది. డాలస్ అన్నా, ఇంకొక డౌటు. రెండోది బీరువాల ఉన్నది తీసి చూస్తే వేలితో నొక్కితే చిటపట అంటుంది, అప్పడం లెక్క. పాడైందా? ఫ్రిజ్‌ల పెట్టాల్నా?

గుంటూరు_టు_డాలస్:

ఫ్రిజ్ వద్దురా బాబూ! ఫ్రిజ్ ఇంకా ఆరబెడుతుంది, పైగా నీ సిగార్‌కి చేపల పులుసు వాసన పడుతుంది. హైదరాబాద్ ఎండల్లో బీరువాలో రెండు నెలలంటే మొదటిది కూడా ఎండిపోయే ఉంటుంది, అందుకే అంత వేడిగా, చేదుగా కాలింది, నువ్వొక్కడివే దోషివి కాదు.

65 శాతమో 69 శాతమో తేమ ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఒకటి కొని, మూత గట్టిగా పట్టే డబ్బాలో, వాసన లేనిది, సిగార్‌తో పాటు పెట్టి మూడు వారాలు మర్చిపో. తడిగుడ్డ, తడి స్పాంజ్ లాంటి తెలివితేటలు వద్దు, ఒక్కసారిగా తేమ తగిలితే లోపలి ఆకు ఉబ్బి పైది పగులుతుంది. డబ్బా మరీ వేడిగా ఉండేచోట పెట్టకు. పాతిక డిగ్రీలు దాటితే ఆకులో గుడ్లుంటే పురుగు లేస్తుంది, మన పసుపు కొమ్ముల్ని, ఎండుమిరపకాయల్ని తొలిచే పురుగే అది, సన్నటి సూది బెజ్జాలు కనిపిస్తాయి. ఎండిపోయినప్పుడు పోయిన నూనెలు పూర్తిగా వెనక్కి రావు, మొదట్లో ఉన్నంత ఉండదు, కానీ కాలుతుంది.

ఇంకో మాట, ఈసారి ఎలాగూ అదే కాలుస్తావు కాబట్టి, సగంలో ఆపేస్తానని ముందే అనుకుని కూర్చో. ఆ తర్వాత కావాలంటే మెత్తటి రకాలతో మొదలుపెట్టు, మకానుడో లాంటివి. ఎలిమెంటరీ చదవకుండా ఇంటర్ పరీక్ష రాశావు నువ్వు.

లంకగాలి:

బెల్లం మర్చిపోకండి.

మియాపూర్_మెట్రో:

అప్‌డేట్ అన్నలూ. జూన్ అయిపోవచ్చింది, మొన్న ఆదివారం ముహూర్తం పెట్టిన. పొద్దటి నుంచి వాన పడి సాయంత్రం ఆగింది. టెర్రస్ కాదు, కింద సెల్లార్ పక్కన చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ ఏసుకున్న, డాక్టర్ మేడం చెప్పినట్టు ఒక్కన్నే కాకుండ మా తమ్మున్ని కూడ కూసోబెట్టుకున్న, వాడు తాగడు, ఫోన్ చూస్కుంటుండు. కడుపు నిండ తినే కూసున్న.

తప్పు ఒకటి చేసిన. పప్పు అన్నంల ఆవకాయ, అదీ కొత్త ఆవకాయ. నాలుక మొద్దుబారిపోయింది, మొదటి పావుగంట మిరియాలు ఎటు పోయినయో తెల్వలే, దానికి దీనికి తేడా లేదు. మంచినీళ్ళు తాగి బెల్లం ముందే తినేసిన, ఆర్డర్ తప్పైతే సారీ లంకగాలి అన్నా. నూట యాభై రూపాయల కటర్ కొన్న, టోపీ వరకే కోసిన, ఊడలే. ఒక్కసారి ఒకవైపే కాలుతుంటే కాలని వైపు కిందికి తిప్పి పట్టుకున్న, దానంతట అదే సర్దుకుంది, ఎందుకో తెల్వదు. ముక్కులకెల్లి వదిలే పని కూడ చేసిన, కళ్ళల్ల నీళ్ళొచ్చి తమ్ముడు "ఏమైంది, ఏడుస్తున్నవా" అన్నడు.

గంటల ఇరవై నిమిషాలు మస్తుండె. ఫోన్ల టైం చూసి చెప్తున్న. తడి మట్టి వాసన వానదా, సిగార్‌దా అర్థం కాలే, బహుశా రెండూ. మాటలు లేకపోతే చుట్ట ఎందుకని తాత అన్నది కరెక్టే, మధ్య మధ్యల తమ్మునితోని మాట్లాడిన, వాడు ఉద్యోగం మారుదామనుకుంటున్నడని నాకు అప్పుడే తెలిసింది. సగం దగ్గర నోట్ల కొంచెం నీళ్ళూరినట్టు అనిపించంగనే ఆపేసిన. ట్యాంక్ తిరగలే, చెట్టు తిరగలే.

మిగిలిన సగం పారేయ బుద్ధి కాలే. తాతగారి లెక్క చెవి మీద పెట్టుకొని పైకి పోయిన. మా ఆవిడ డోర్ తీసి, నా మొఖం చూసి, చెవి చూసి, ఏం అనకుండ మళ్ళ డోర్ ఏసేసింది.

లంకగాలి:

మా మామ్మ కూడా అంతేనండి.